ముసురు పట్టిన రోజున నిండు బ్యాటరీలను ఏం చేస్తున్నాం?

మందు పిచికారీ డ్రోన్ల గురించి మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు జరుగుతున్న చర్చంతా ఎకరానికి ఎంత తీసుకుంటారు, రోజుకు ఎన్ని ఎకరాలు కొడతారు, సబ్సిడీ ఎంత వస్తుంది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. పని లేని రోజుల్లో ఆ డ్రోన్ బ్యాటరీలు ఏ స్థితిలో పడి ఉంటున్నాయన్న నాలుగో ప్రశ్నను అడిగేవారు కనిపించడం లేదు. పల్నాడులో డ్రోన్లు నడిపేవారికి మరమ్మతులు చేసిపెట్టే వ్యక్తిగా నేను గమనించినది ఏమిటంటే, నా బల్ల మీదికి వచ్చే ఉబ్బిన బ్యాటరీల్లో ఎక్కువ భాగం ఎగిరి ఎగిరి అరిగిపోయినవి కావు. నిండా ఛార్జ్ చేసి, పని ఆగిపోయాక అలాగే వదిలేసినవి. ఛార్జ్ ఎక్కించడం మనకు అందరూ నేర్పారు గానీ, దాన్ని సగానికి దించి భద్రపరచడం కూడా ఆ రోజు పనిలో భాగమేనని గట్టిగా చెప్పినవారు లేరు.

ఖరీఫ్‌లో ఇది ఎలా జరుగుతుందో చూడండి. రేపు పొద్దున్నే పత్తికి మందు కొట్టాలని రైతు ఫోన్ చేస్తాడు. ఆపరేటర్ రాత్రి కూర్చుని తన దగ్గరున్న బ్యాటరీ సెట్లన్నీ వంద శాతానికి ఎక్కించి, వరుసగా పేర్చి పడుకుంటాడు. తెల్లవారేసరికి ముసురు పడుతుంది. ఇవాళ కాదు రేపు అంటారు, రేపు కూడా వాన వదలదు, ఆ తరువాత పొలంలో కాలు పెట్టలేనంత బురద. చూస్తుండగా వారం, పది రోజులు గడిచిపోతాయి. ఆ పది రోజులూ బ్యాటరీలోని ప్రతి సెల్లూ 4.2 వోల్టుల దగ్గర బిగబట్టుకుని కూర్చుంటుంది. అరక నుంచి విప్పకుండానే ఎడ్లను కొట్టంలోకి తోలేసి, అవి విశ్రాంతి తీసుకుంటున్నాయని అనుకోవడం లాంటిదే ఇది.

సెల్లు లోపల జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. మన డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, నామమాత్రపు విలువ 3.7 వోల్టులు, నిల్వ ఉంచడానికి తగినది 3.8 నుంచి 3.85 వోల్టులు, అంటే దాదాపు సగం ఛార్జ్. ఆరు సెల్లుల బ్యాటరీ అయితే నిండినప్పుడు 25.2, నిల్వకు 22.8 నుంచి 23.1, పన్నెండు సెల్లులదైతే నిండినప్పుడు 50.4, నిల్వకు 45.6 నుంచి 46.2. నిండు వోల్టేజీ దగ్గర పాజిటివ్ ఎలక్ట్రోడ్‌ను తాకి ఉన్న ఎలక్ట్రోలైట్, అంటే లోపలి రసాయన ద్రావణం, నెమ్మదిగా విచ్ఛిన్నమై వాయువులను విడుదల చేస్తుంది. ఈ సెల్లు ఉండేది పౌచ్ అనే మెత్తని సంచిలో, దానికి గట్టి లోహపు డబ్బా ఉండదు కాబట్టి ఆ వాయువు లోపలే చేరి పైపొరను ఉబ్బిస్తుంది. ఉబ్బిన బ్యాటరీని వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, కుట్టు దగ్గర ఏ కాస్త చిరిగినా నెయిల్ పాలిష్‌కు దగ్గరగా ఉండే తియ్యని వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన బ్యాటరీకి మళ్లీ ఛార్జర్ తగిలించకూడదు.

దీనికి వేడి తోడైతే నష్టం మరింత వేగంగా జరుగుతుంది. లిథియం బ్యాటరీల గురించిన సాంకేతిక రచనల్లో తరచూ కనిపించే ఒక పట్టిక ప్రకారం, 25 డిగ్రీల వద్ద 40 శాతం ఛార్జ్‌తో ఏడాది పాటు ఉంచిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే నిండా ఛార్జ్ చేసి ఉంచితే 80 శాతమే. 40 డిగ్రీల వద్ద ఆ అంకెలు 85కు, 65కు పడిపోతాయి. ఆ పట్టిక రాసినవారికి రెంటచింతల ఎండ సంగతి తెలియకపోవచ్చు. మిరప పని ముగిసి డ్రోన్లు మూలకు చేరేది సరిగ్గా మార్చి నుంచి జూన్ వరకే, అంటే మన దగ్గర రేకుల షెడ్డులో మధ్యాహ్నం అడుగుపెట్టలేని నెలల్లోనే. ఖాళీ కాలమూ మండు వేసవీ ఒక్కసారే వచ్చే ప్రాంతంలో ఉన్న మనం ఈ విషయంలో ఇతరుల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది పోయి, తక్కువ జాగ్రత్తగా ఉంటున్నాం.

ఇంతవరకు చెప్పినది డబ్బు నష్టం గురించి. భద్రత సంగతి అంతకంటే ముఖ్యమైనది. 22,000 ఎంఏహెచ్ సామర్థ్యం గల ఆరు సెల్లుల బ్యాటరీ ఒక్కదానిలో దాదాపు 488 వాట్ అవర్ల శక్తి ఉంటుంది; విమానంలో ప్రయాణికులు ఎంత బతిమాలినా 160 వాట్ అవర్లకు మించి వెంట తీసుకెళ్లనివ్వరు. సెల్లు ఏ కారణం చేతనైనా లోపల షార్ట్ అయితే, అది ఎంత తీవ్రంగా రాజుకుంటుందన్నది అప్పటికి దానిలో ఎంత ఛార్జ్ ఉందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలు 30 శాతం ఛార్జ్‌కు మించి ఉండకూడదని, ప్రయాణికుల విమానాల్లో వాటిని సరుకుగా వేయకూడదని నిబంధన పెట్టింది. విమానాల వాళ్లు అంత భయపడే వస్తువును మనం వంద శాతం నింపి, నవంబరులో పత్తి తీతలు పూర్తయ్యాక ఇల్లంతా పత్తి పోసుకున్న గదిలోనే ఒక మూలన పెడుతున్నాం. నేను ఇలాంటి గదులు చూశాను. బ్యాటరీల పెట్టె మీద పత్తి బోరెం, దాని పక్కన పురుగుమందు డబ్బాలు.

మరి ఆపరేటర్లు బ్యాటరీలను సగానికి ఎందుకు దించడం లేదు? బద్ధకం అని సులువుగా అనేయవచ్చు గానీ, అసలు తప్పు ఛార్జర్లు అంటగట్టే వారిది. డ్రోన్‌తో ఇచ్చే రెండు ఛానళ్ల ఫాస్ట్ ఛార్జర్ వెయ్యి వాట్లకు పైగా ఎక్కించగలదని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ముద్రిస్తారు. అదే ఛార్జర్‌లో స్టోరేజ్ అనే మీట నొక్కినప్పుడు అది ఎన్ని వాట్లు దించగలదో తెలుసుకోవాలంటే మాన్యువల్ చివరి పేజీల్లో భూతద్దం పెట్టి వెతకాలి. చాలా ఛార్జర్లకు ఆ అంకె 5 నుంచి 25 వాట్ల మధ్యే ఉంటుంది. పైన చెప్పిన బ్యాటరీని నిండు స్థితి నుంచి సగానికి దించాలంటే 240 వాట్ అవర్లకు పైగా ఖర్చు చేయాలి. 20 వాట్ల చొప్పున అది పన్నెండు గంటల పని, 5 వాట్ల చొప్పున రెండు రోజుల పని, అదీ ఒక్క బ్యాటరీకే. అయిదు సెట్లు, సెట్టుకు రెండేసి బ్యాటరీలు ఉన్న మనిషి ఆ మీట నొక్కి ఎన్ని రోజులు కాపలా కూర్చుంటాడు? అమ్మేటప్పుడు ఈ లెక్క చెప్పకుండా, ఉబ్బిన బ్యాటరీ తీసుకువెళ్లినప్పుడు మాత్రం "సరిగా నిల్వ చేయలేదండీ, వారంటీ వర్తించదు" అనడం నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించదు.

కాబట్టి ఆపరేటర్ తన దారి తాను వెతుక్కోవాలి. నా ఉద్దేశంలో అన్నిటికంటే మంచి దారి అసలు అవసరం లేకుండా నింపకపోవడమే. రాత్రికి బ్యాటరీలను సెల్లుకు 3.8 వోల్టుల దగ్గరే ఉంచి, వాతావరణం చూసుకుని తెల్లవారుజామున ఎక్కించడం మొదలుపెడితే, మొదటి సెట్టు పొలానికి వెళ్లేలోగా రెండోది సిద్ధమవుతుంది. అప్పటికే నింపేశాక పని తప్పిపోతే, వాటిని దించడానికి డ్రోన్ కంటే మంచి పరికరం లేదు. ఎలాగూ ట్యాంకును, గొట్టాలను, నాజిళ్లను మంచినీటితో మళ్లీ మళ్లీ కడగాలి కదా. వాన తెరిపి ఇచ్చినప్పుడు, అనుమతి ఉన్న చోట, మనుషులు లేని ఖాళీ చేలో, ఆ కడుగునీటితోనే తక్కువ ఎత్తులో ఎగరేస్తే, కొద్ది నిమిషాల్లో సెట్టు సగానికి దిగుతుంది, నాజిళ్లూ శుభ్రపడతాయి. ఎగిరి వచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటుంది కాబట్టి, చల్లారి వోల్టేజీ కుదురుకున్నాకే సెల్లుల కొలత తీసుకోవాలి.

ఎగరేయడానికి వీలు లేనివారికి, బ్యాటరీతో బల్బు వెలిగించి ఛార్జ్ దించే పద్ధతి ఉంది. ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరికే 24 వోల్టుల లారీ హెడ్‌లైట్ బల్బు దీనికి చక్కగా సరిపోతుంది. కారు బల్బు 12 వోల్టులది, ఆరు సెల్లుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. 70 వాట్ల లారీ బల్బు ఒకటైతే మూడున్నర గంటలు, రెండింటిని సమాంతరంగా కలిపితే రెండు గంటల లోపే పని పూర్తవుతుంది; తీసుకునే కరెంటు ఆరు ఆంపియర్ల చుట్టుపక్కలే కాబట్టి అంత పెద్ద బ్యాటరీకి అది ఏమాత్రం భారం కాదు. పన్నెండు సెల్లుల బ్యాటరీకి ఒకే రకం బల్బులు రెండింటిని సిరీస్‌లో కలపాలి. బల్బులను సరైన హోల్డరులో బిగించి, బ్యాటరీకి తగిన కనెక్టరునే టంకం పెట్టుకోవాలి. మొసలి క్లిప్పులతో చేసే పని ఏదో ఒక రోజు రెండు కొనలూ తగిలి పెద్ద మెరుపుతో ముగుస్తుంది. ఈ హాలోజన్ బల్బు గాజు కాగితాన్ని మాడ్చేంత వేడెక్కుతుంది గనుక, దాన్ని బ్యాటరీకి దూరంగా, నాపరాయి మీదో సిమెంటు గచ్చు మీదో ఉంచాలి.

ఈ పద్ధతిలో ప్రాణమంతా బ్యాలెన్స్ వైరుకు, అంటే ఒక్కో సెల్లు వోల్టేజీని విడిగా కొలవడానికి ఉండే సన్నని తీగల కట్టకు, తగిలించే చిన్న వోల్టేజీ అలారంలో ఉంది. బల్బుకు ఎక్కడ ఆగాలో తెలియదు, అది సున్నా దాకా తాగుతుంది. మొత్తం వోల్టేజీ చూసి ఆపుదామనుకుంటే, ఆరు సెల్లుల్లో బలహీనమైన ఒక్కటి మిగతావాటి కంటే ముందే పాతాళానికి పోయినా మొత్తంలో ఆ తేడా కనబడదు. అలారంను 3.8 దగ్గర పెట్టుకుంటే, ఏ ఒక్క సెల్లు అక్కడికి చేరినా కూత పెడుతుంది. బల్బు తీసేశాక వోల్టేజీ కొంచెం తిరిగి పైకి లేచి మనకు కావలసిన చోట నిలుస్తుంది. పని అయిపోయాక అలారంను కూడా ఊడదీయాలి. అది కూడా కొద్దికొద్దిగా కరెంటు తాగే వస్తువే. మర్చిపోయి నెలల తరబడి వదిలేస్తే, భద్రత కోసం కొన్నదే బ్యాటరీని చంపుతుంది.

ఇదే పనికి కొందరు చేసే ఒక ప్రయోగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో కారు బల్బే ఉందని, బ్యాలెన్స్ కనెక్టర్ నుంచి మూడు సెల్లుల వరకు తీగలు లాగి దాన్ని వెలిగిస్తున్నారు. ఆ సన్నని తీగలు అంత కరెంటు కోసం పెట్టినవి కావు. పైగా మూడు సెల్లులు దిగి, మూడు నిండుగా ఉండిపోతాయి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాటరీలో మూడు సెల్లులు 4.1 దాటి, మిగతా మూడు 3.3 దగ్గర ఉన్నాయి, బ్యాలెన్స్ తీగల తొడుగు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయింది. తెచ్చిన అబ్బాయి "బల్బు బాగానే వెలిగింది సార్" అన్నాడు. వెలగకేం! రాత్రి తగిలించి పడుకునేవారికీ, బ్యాటరీని ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన పెట్టేవారికీ నేను చెప్పేది ఒక్కటే: దించుతున్నంతసేపూ మనిషి అక్కడే ఉండాలి, నిల్వకు చెమ్మ లేని నీడపట్టు గది చాలు.

ఎక్కువ ఛార్జ్ ప్రమాదమని చెబితే, దాన్ని పూర్తిగా ఖాళీ చేసి పెట్టేవారూ ఉన్నారు. పొలం నుంచి 15, 20 శాతంతో దిగిన బ్యాటరీని అలాగే మూలన పడేస్తే, తనంతట తాను దిగుతూ, అందులో సర్క్యూట్ బోర్డు ఉంటే అది కూడా కొంత తాగుతూ, కొన్ని నెలల్లో 3 వోల్టుల కిందికి జారిపోతుంది. మరీ లోతుకు పడిపోతే నెగటివ్ ఎలక్ట్రోడ్‌లోని రాగి రేకు కరిగి ఎలక్ట్రోలైట్‌లో కలుస్తుంది. ఆ తరువాత ఛార్జ్ చేస్తే అదే రాగి లోపల పేరుకుని షార్ట్‌కు దారితీస్తుంది. కాబట్టి అలాంటిదాన్ని 3.8 దాకా ఎక్కించి పెట్టాలి, నెలకోసారి సెల్లులన్నీ కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. పెళ్లిళ్లు చిత్రీకరించే తమ్ముళ్లకు ఈ బాధ కొంత తక్కువ. డీజేఐ కంపెనీ చిన్న డ్రోన్ల బ్యాటరీలు కొన్ని రోజులు వాడకపోతే తమంతట తామే దాదాపు 60 శాతానికి దిగిపోతాయి, ఆ సమయంలో కాస్త వెచ్చబడితే కంగారుపడనక్కరలేదు. అయితే మధ్యలో ఊరికే మీట నొక్కి చూస్తుంటే ఆ గడువు మళ్లీ మొదటికి రావచ్చు. ఆషాఢం వచ్చిందని అలమరలో పెట్టి శ్రావణం దాకా అటువైపు చూడకపోవడం కూడా మంచిది కాదు.

కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయంతో డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ప్యాకేజీలో మామూలు బ్యాటరీ సెట్టుతో పాటు నాలుగు అదనపు సెట్లు ఉంటాయి, 15 రోజుల శిక్షణ ఉంటుంది. ఇది మంచి పథకమే, మన అక్కచెల్లెళ్లు డ్రోన్లు బాగా నడుపుతున్నారు కూడా. కానీ అయిదు సెట్ల బ్యాటరీలు ఇచ్చి, వాటిని దించే పరికరం ఒక్కటీ ఇవ్వకపోతే ఎలా? లారీ బల్బులు, హోల్డర్లు, కనెక్టరు, అలారం అన్నీ కలిపినా ఒక్క బ్యాటరీ ధరలో పిసరంత కూడా కావు. సంఘానికి అప్పగించే పెట్టెలో ఆ సామగ్రినీ చేర్చి, శిక్షణలో ఒక పూట మొత్తం ప్రతి మహిళ చేతా స్వయంగా ఒక సెట్టును నిండు నుంచి నిల్వ వోల్టేజీకి దింపించాలి. ఛార్జర్ అమ్మేవారు కూడా డిశ్చార్జ్ వాట్లను బిల్లు మీద రాసివ్వాలని కొనేవారే పట్టుబట్టాలి.

ఇప్పటికే ఉబ్బిపోయినవి మీ దగ్గర ఉంటే, వాటికి నిల్వ వోల్టేజీ లెక్కలు వర్తించవు. తలుపు కిటికీలకు దూరంగా ఆరుబయట, పక్కన పొడి ఇసుకా నిండు నీళ్ల డ్రమ్మూ పెట్టుకుని, చిన్న బల్బుతో నెమ్మదిగా సున్నాకు దించండి. ఒక్కసారి అంటుకుంటే ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి దగ్గర నిలబడి ఫోనులో వీడియో తీయకండి. ఉప్పునీళ్ల బకెట్‌లో వేసి మర్చిపోయే పద్ధతి ఇంకా చలామణిలో ఉంది. ఉప్పునీరు ముందు పైనున్న లోహపు కొనలను తినేస్తుంది, దాంతో లోపలి ఛార్జ్ బయటికి వచ్చే దారి మూసుకుపోయి, ఖాళీ అయిందనుకున్న బ్యాటరీ సగం నిండుగానే ఉండిపోవచ్చు. రెండు ప్రధాన తీగలను ఒకే కత్తెర వేటుకు కత్తిరించకండి, ఒక్కొక్కటిగా కత్తిరించి టేపు చుట్టండి. తరువాత దాన్ని పాత ఇనుము వాడికి ఇవ్వకుండా, అమ్మిన దుకాణానికే తీసుకువెళ్లండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. మా దగ్గర అలాంటి ఏర్పాటు లేదని దుకాణంలో చెబితే, ఆ మాటనే కాగితం మీద రాసిమ్మని అడగండి.