సవరణ: ఎండాకాలమని వెస్టీ కుక్కకి గుండు చేయించకండి

బరంపురం ఉక్కకు తట్టుకోవాలంటే వెస్టీకి మెషీన్‌తో గుండు చేయించమని మొన్న రాశాను. అది తప్పు. వెస్టీకి, అంటే వెస్ట్ హైలాండ్ వైట్ టెరియర్ జాతి కుక్కకి, బొచ్చు రెండు పొరలు: పైన సుమారు 5 సెంటీమీటర్ల బిరుసు వెంట్రుకలు, లోపల మెత్తటి పొర. జాతి ప్రమాణాల్లో ఉన్నది ఇదే. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆ పై పొర కాపాడుతుందని పశువైద్యుల మాట. పైగా వీటికి చర్మ అలర్జీలు ఎక్కువ. పొట్ట కింద, కాలివేళ్ల మధ్య పాయ తీసి చూడండి. ఎర్రబడితే డాక్టర్‌కి చూపించండి. రోజూ దువ్వి, ఊడిన లోపలి బొచ్చు తీసేస్తే చాలు, రోజూ స్నానం వద్దు. ఇప్పటికే గుండు చేయించినవాళ్లు టెన్షన్ పడకండి, బొచ్చు మళ్లీ వస్తుంది. కాకపోతే మునుపటి బిరుసు రాకపోవచ్చు. అందాకా మధ్యాహ్నం ఎండలోకి వదలకండి.