పృచ్ఛకులు కావలెను

ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్లకు పాఠకులు దొరకడం లేదన్న ఆవేదన ఈమధ్య తెలుగునాట బాగా ముదిరింది. దీన్ని జాతీయ సమస్యగా ప్రకటించాలి. కథ వేరేవాళ్లది, పాత్రలు వేరేవాళ్లవి, అభిమానులు కూడా ముందే తయారుగా ఉన్నారు. ఇంత అప్పు తెచ్చుకున్నాక కూడా చదివే నాథుడు లేకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

11వ శతాబ్దంలో నన్నయకు ఈ బెంగ లేదు. రాజరాజనరేంద్రుడే పిలిచి మరీ భారతం రాయమన్నాడు. అంటే మొదటి పద్యానికి ముందే ఒక పాఠకుడు ఖాయం, ఆయనా రాజు. అయినా అరణ్యపర్వం మధ్యలో కథ ఆగిపోయింది. 13వ శతాబ్దంలో వచ్చిన తిక్కన, ఆగిన చోటు జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ముక్క పూర్తిచేయడానికి 14వ శతాబ్దంలో ఎర్రన రావాల్సి వచ్చింది. 'నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?' అన్న ప్రశ్న మీద తెలుగు జాతి దాదాపు మూడు వందల ఏళ్లు ఓపిక పట్టిందన్నమాట. ఇప్పుడు మంగళవారం రావాల్సిన భాగం బుధవారం వస్తే 'స్టోరీ ఆపేశారా అక్కా?' అంటున్నారు. అన్నట్టు, ఎర్రన తాను రాసిన ఆ భాగాన్ని కూడా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అంత కష్టపడి రాసి, వేరేవాళ్ల అకౌంట్లో జమచేసే త్యాగమూర్తి ఈ రోజుల్లో ఉంటే చూపించండి.

ఇక అభిప్రాయాల సంగతి. కర్ణుడికి న్యాయం చేసే బాధ్యతను మనలో ఎవరూ ఇంకొకరికి వదలరు కాబట్టి, ఉదాహరణకు ఆయన్నే తీసుకుందాం. రథచక్రం నేలలో దిగబడే ఘట్టాన్ని రచయిత్రి రాత్రంతా కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ రాస్తుంది. తెల్లారేసరికి వచ్చిన విమర్శ: 'సూపర్', రెండు చప్పట్ల బొమ్మలు, ఒక 'వెయిటింగ్'. పోయినవాడు పోయాడు, ఇంక దేనికి వెయిటింగో!

అందుకే నా ప్రతిపాదన: ప్రతి ఫ్యాన్ ఫిక్షన్ రచయితకూ అష్టావధానంలో లాగా ఎనిమిది మంది పృచ్ఛకులను, అంటే ఎదురుగా కూర్చుని పద్యాలు చెప్పే అవధానిని ప్రశ్నలతో పరీక్షించేవాళ్లను, కేటాయించాలి. వాళ్లు ఎదురుగా కూర్చుంటారు కాబట్టి వినకుండా తప్పించుకోలేరు. కొందరు శిక్షణ లేకుండానే సిద్ధంగా ఉన్నారు కూడా. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరం కనిపెట్టి వద్దంటాడు. మనవాళ్లు ఇంకా ముందుకెళ్లి కర్ణుడు ఏడవకూడదు, ద్రౌపది నవ్వకూడదు, అర్జునుడు అసలు రాకూడదు అంటారు. పొసగని పాదం ఇచ్చి పద్యంలో పొసగించమనే 'సమస్య' ఇవ్వడంలోనూ తీసిపోరు: 'కర్ణుడికీ ద్రౌపదికీ పెళ్లి చేయండి, కానీ భారతం మారకూడదు.' సంబంధం లేని కబుర్లతో అవధాని ఏకాగ్రత చెడగొట్టే అప్రస్తుత ప్రసంగి సంప్రదాయం ప్రకారం ఒక్కడే ఉండాలి. మనకు ఎనిమిదికి ఎనిమిది మందీ వాళ్లే దొరుకుతారు. కర్ణుడి శవం ముందు కుంతి ఏడుస్తుంటే, 'మీ ప్రొఫైల్ ఫొటోలో చీర ఎక్కడ తీసుకున్నారండీ?'

ఈ పథకానికి ఒక్కటే అడ్డంకి. అవధానంలో పృచ్ఛకులుగా కూర్చునేది పద్యం తెలిసినవాళ్లు. ఆ లెక్కన మన పృచ్ఛకులు తోటి రచయితలే కావాలి. వాళ్లను పిలిస్తే వచ్చే మొదటి ప్రశ్న, 'ముందు నాది చదివారా?'

ఘంటాగణనానికి మాత్రం ఎవరూ భయపడక్కర్లేదు. అవధానం సాగుతుండగా ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో అవధాని చివర్లో చెప్పాలి. మన రచయితల్ని అర్ధరాత్రి లేపి అడిగినా ఎన్ని లైకులు వచ్చాయో, అందులో మేనత్త కూతుళ్లవి ఎన్నో విడివిడిగా చెబుతారు.