ఎలుకలకు శుభవార్త

ఈ వారం కూడా క్యాన్సర్‌కు మందు దొరికింది. పోయిన వారం దొరికినదాని సంగతి అడక్కండి. మందు వార్తల్లో దొరికితే చాలు, రోగికి దొరకాలన్న నియమం లేదు. ఇంత లావు అక్షరాల్లో హెడ్డింగ్, పక్కన పరీక్షనాళిక వంక భక్తిగా చూస్తున్న తెల్లకోటు మనిషి ఫొటో, కింద ‘వైద్యరంగంలో పెనుసంచలనం’. కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా చదివితే, ఆఖరి పేరాలో ఒక చిన్న మాట నక్కి ఉంటుంది: ‘ఎలుకల్లో’.

ఎలుకల మీద నాకు కక్షేమీ లేదు. వార్తల ప్రకారం ఈ భూమ్మీద వాటికన్నా ఆరోగ్యవంతులు లేరు. క్యాన్సర్ తగ్గింది, షుగర్ పోయింది, మతిమరుపు మాయమైంది. బట్టతల మీద జుట్టు మొలిచి, వయసు వెనక్కి మళ్లింది. ఏ కలుగులోనో ఓ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని పేపరు తిరగేస్తూ ‘ఏమేవ్, కీళ్లనొప్పులు కూడా పోయాయట’ అంటూ ఉంటాడు. ‘మనకేనా?’ అంటుంది ఇల్లాలు లోపలి నుంచి. ‘మనకే. కానీ పైన మనుషులకని వేశారు. మన పేరు అడుగున ఇరికించారు.’ ఆవిడకు ఒళ్లు మండుతుంది. ‘కణితి మోసింది మనం, సూదులు పొడిపించుకున్నది మనం, హెడ్డింగ్ మాత్రం వాళ్లకా?’ న్యాయమైన ప్రశ్నే. వాళ్లు పరువునష్టం దావా వేస్తే సాక్ష్యం చెప్పడానికి నేను రెడీ.

పోనీ మనుషుల మీద చేసిన అధ్యయనాలైతే జాగ్రత్తగా చదువుతారా? 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు, చాకొలెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని కావాలనే ఓ పనికిమాలిన అధ్యయనం అచ్చేయించాడు. 15 మంది మనుషులు, 18 కొలతలు. అన్ని కొలిస్తే కాకతాళీయంగానైనా ఏదో ఒకటి తగలకపోతుందా? పలు దేశాల పత్రికలు ఎగబడి వేశాయి. ఎంతమంది మీద చేశారన్నది ఒక్క వార్తలోనూ రాలేదని తర్వాత ఆయనే చెప్పాడు.

ఇదంతా నవ్వుకోవచ్చు. దీన్ని మాత్రం నవ్వుకోలేం. 1995లో బ్రిటన్ అధికారులు కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించారు. మీడియా ఆ ‘రెట్టింపు’ను పట్టుకుని ఊగిపోయింది. దేనికి రెట్టింపు? 7000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి. ఆడవాళ్లు హడలిపోయి మాత్రలు మానేశారు. వద్దనుకున్న గర్భాలు వచ్చాయి. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భంతో ఉన్నప్పుడు ఆ గడ్డల ముప్పు మాత్రతో కన్నా ఎక్కువన్న సంగతి ఎవరికి కావాలి? ‘7000 మందిలో ఒకరికి బదులు ఇద్దరికి’ అని రాయడానికి అర లైను పడుతుంది. ఆ అర లైను ఇవ్వడానికి చేతులు రాలేదు!

ఇవాళ్టికీ అంతే. తండ్రికి ఇక చెయ్యగలిగిందేమీ లేదని తెలిసిన కొడుకు ఫోన్లో వార్త తెరిచి డాక్టరు ముందు పెడతాడు. ‘ఇది మనుషులకింకా రాలేదు బాబూ’ అని చెప్పే పాపం డాక్టరుది. ఆశ అమ్ముకుని క్లిక్కులు లెక్కబెట్టుకునేది వార్తలు వేసే మీరు. సిగ్గనేది ఉందా?

అడిగితే జవాబు తయారుగా ఉంటుంది: ‘అది వార్తా ఏజెన్సీ పంపింది సార్.’ మరి హెడ్డింగ్ కూడా ఏజెన్సీదేనా అంటే, లైను హెడ్డింగులు పెట్టే డెస్కుకు కలుపుతారు. డెస్కులో ఎవరూ ఎత్తరు. రేపటి మందు కనిపెట్టే పనిలో ఉంటారు.