షుగర్ లేదు, హెచ్‌ఐవీ లేదు... అయినా ఫంగస్

ఫంగస్ ఒళ్లంతా పాకిందంటే ఎయిడ్సో కేన్సరో ఉండే ఉంటుందని మన లెక్క. కొవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ చూశాక షుగర్, స్టెరాయిడ్లు కూడా అందులో చేరాయి. హిస్టోప్లాస్మోసిస్ అనే ఫంగస్ జబ్బు మాత్రం ఈ లెక్కకు లొంగదు.

గబ్బిలాల, పక్షుల రెట్టలు కలిసిన మట్టిలో పెరిగే ఫంగస్ వల్ల వస్తుంది ఇది. ఆ దుమ్ము పీల్చినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. ఏ కొద్దిమందిలోనో కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ దాకా వెళ్తుంది. మన దేశంలో, ముఖ్యంగా గంగా మైదానంలో బయటపడే కేసుల్లో ఇంకో సంగతి ఉంది. అంతవరకు ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లోనూ కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రెండూ వాస్తాయి. నెలల తరబడి జ్వరం, బరువు తగ్గడం, బీపీ పడిపోవడం, ఒళ్లు నల్లబడటం. బయాప్సీ చేస్తే గ్రాన్యులోమా (రక్షణ కణాలు గుంపుకట్టిన చిన్న గడ్డ) అని వస్తుంది.

ఇక్కడ గ్రాన్యులోమా అంటే ముందు గుర్తొచ్చేది టీబీ. టీబీ ఇంత ఎక్కువగా ఉన్నచోట డాక్టర్లను తప్పుపట్టలేం. ఈ జబ్బును మొదట గుర్తించిన అమెరికన్ డాక్టర్ శామ్యూల్ డార్లింగ్‌కు కూడా అది టీబీలాగే కనబడింది. పనామాలో చనిపోయిన, కరీబియన్ దీవి మార్టినిక్‌కు చెందిన ఒక వడ్రంగికి పోస్ట్‌మార్టం చేసి, 1906లో ఆ వివరాలు ప్రచురించాడు. లోపల కనిపించిన క్రిమిని ఫంగస్ అనుకోలేదు, మలేరియా క్రిమిలాంటి ఏకకణ జీవి అనుకున్నాడు. పైగా దానికి పైపొర ఉందనుకుని 'క్యాప్సులేటమ్' అని పేరు పెట్టాడు. ఆ పొరా లేదు! పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నా అభ్యంతరమల్లా ఇలాంటి రోగుల గురించి చెప్పే 'ఇమ్యూనిటీ నార్మల్' అన్న మాట మీదే. హెచ్‌ఐవీ నెగెటివ్, షుగర్ మామూలు అంటే మనం చూసినవి ఆ రెండే అని అర్థం. క్రిప్టోకాకస్ అనే మరో ఫంగస్ వల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చిన కొందరు 'ఆరోగ్యవంతుల' రక్తంలో, రక్షణ కణాలను ఉసిగొల్పే జీఎం-సీఎస్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నట్టు 2013లో తేలింది. మామూలు పరీక్షల్లో ఇవి కనబడవు. అలాగని ప్రతి రోగిలోనూ ఏదో లోపం దొరుకుతుందనీ కాదు.

అందుకే హెచ్‌ఐవీ, షుగర్ లేకపోయినా సరే, టీబీ మందులు వాడుతున్నా మనిషి చిక్కిపోతూనే ఉంటే, బయాప్సీ ముక్కకు ఫంగస్ స్టెయిన్ (ఫంగస్ కనబడేలా వేసే రంగు) వేశారా అని అడగాలి. ఫంగస్ అని తేలాక కూడా 'ఎందుకైనా మంచిది' అని టీబీ మందులు కొనసాగిస్తే ఇంకో చిక్కు. వాటిలోని రిఫాంపిసిన్, ఈ ఫంగస్‌కు నెలల తరబడి వాడాల్సిన ఇట్రాకొనజోల్‌ను రక్తంలో నిలవనివ్వదు.