వెయ్యి అడుగుల బోరు గారికి

అయ్యా బోరు గారూ,

అనంతపురం జిల్లా పల్లెల నుంచి దండాలు. మాకు ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. తమరు మాత్రం పాతాళంలో ఇంకో మబ్బు కాసుకుని ఉన్నట్టు దిగుతూనే ఉంటారు. నీళ్ల జాడ చూసేవాడి చేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే చాలు, తమరికి ముహూర్తం కుదిరినట్టే. తమరు లోతు పెరిగితే పక్క చేలో తమ్ముడు ఎండుతాడు. చీనీ (బత్తాయి) చెట్లు కాపాడుకోవాలని ఆ చేను రైతులు ఇంకా లోతుకు పోతే తమరు ఎండుతారు. మధ్యలో పచ్చగా ఉండేది రిగ్గు లారీ ఒక్కటే.

తమరికి లెక్కలంటే పడదు. అయినా వినండి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు, ఏడాదంతా కలిపి 22 లక్షలు. ఈ గట్టి రాతినేలలో అందులో పదో వంతు కిందికి ఇంకితే గొప్ప. రబీలో ఎకరా వరి మడికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు పోయాలి. ఇరవై ఎకరాలు దాచుకున్న నీళ్లు ఒక్క మడి తాగేస్తుంది.

అందుకే మా సీమ జిల్లాల రైతులు 2000ల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో, తమరి నీటిమట్టం తామే కొలిచి పంటల లెక్క వేసుకున్నారు. తమరికి నచ్చి ఉండదు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకండ్లలో నిండితే తమరి బండారం గంటకు 7,200 లీటర్లు. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే, స్ప్రింక్లర్లతో 20 మిల్లీమీటర్ల తడి ఎకరాకు 80,000 లీటర్లు, తమరికి పదకొండు గంటల పని. మడి మానుకుంటే అదే నీళ్లతో అరవై ఎకరాలకు ఒక్కో తడి!

ఆ నీళ్లు బోరు లేని చేలకూ పంచాలంటే పైపులు కలిపితే సరిపోదు లెండి. చివరి చేనుకు ప్రెషర్ అందదు, బోరున్న ఆసామికి హక్కు పోతుందని గుబులు. కాబట్టి ఆయన పంటకు ముందు నీళ్లు, వంతులు, కొత్త బోరు వేయరాదన్న మాట, మూడూ కాగితం మీద ఉండాలి. ఆటో స్టార్టర్లూ పీకేయాలి. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తే వోల్టేజీ పడిపోయి వైండింగులు కాలతాయి.

తమరికి నీళ్లు తాపే పనీ మాదే. కేసింగు పైపు చుట్టూ పది అడుగుల గుంత, ఎనిమిది అడుగుల లోతు. గుంతలో ఉన్నంత మేర పైపుకు బెజ్జాలు పెట్టి నైలాన్ జాలీ చుట్టాలి. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. దానికి ముందు మట్టి నిలిచే చిన్న గుంత ఒకటి తప్పనిసరి. అది లేక ఎర్రమట్టి నీళ్లు నేరుగా దిగితే రెండు వానలకే ఇసుక పూడుకుపోతుంది. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి. పెంటదిబ్బ మీది నీళ్లు, మందు కొట్టిన చేలనీళ్లు అటు పారనీయకూడదు.

ఇక ఎండిపోయి నోరు తెరుచుకున్న తమరి అన్నదమ్ముల సంగతి. పిల్లలు తిరిగే చోట్లవి. ముందు వాటికి మూతలు బిగిస్తున్నాం. అభ్యంతరముంటే వారం లోపల రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఊళ్లో బోరున్నవాళ్లు, లేనివాళ్లు