డర్టీ ర్యాట్ తప్పు చేయలేదు, తొందరపడింది మీరే

హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆట ఆడేవాళ్లలో డర్టీ ర్యాట్ అనే కార్డు పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఖర్చు 2 మానా (ప్రతి టర్న్‌లో కార్డులు ఆడటానికి దొరికే శక్తి), 2 అటాక్, 6 హెల్త్, పైగా టాంట్, అంటే ఎదుటి మినియన్లు ముందు దాన్నే కొట్టాలి. ఇంత చవకగా ఇంత గట్టి అడ్డుగోడను ఎవరూ ఊరికే ఇవ్వరు కాబట్టి దానికో మెలిక పెట్టారు. ర్యాట్‌ను ఆడగానే ప్రత్యర్థి చేతిలోని మినియన్లలో (బోర్డు మీద నిలబడి పోరాడే కార్డులు) ఏదో ఒకటి ఉచితంగా అతని వైపు దిగిపోతుంది. 2016 డిసెంబరులో గాడ్జెట్‌జాన్ అనే కొత్త కార్డుల విస్తరణతో వచ్చినప్పటి నుంచీ చాలామంది ఆ మెలికను శిక్షగానే చదువుతున్నారు. నా లెక్కలో అసలు కార్డు ఆ మెలికే. 2/6 టాంట్ కొసరు మాత్రమే.

ఎందుకంటే అలా ఊడిపడిన మినియన్‌కు బాటిల్‌క్రై, అంటే ఆడగానే జరగాల్సిన ప్రభావం, పనిచేయదు. మానా పెట్టి చేతి నుంచి ఆడితేనే అది పలుకుతుంది. రెనో జాక్సన్‌ను తీసుకోండి. డెక్‌లో ఏ కార్డూ రెండుసార్లు లేకుండా కూర్చుకున్న ఆటగాడికి హీరో హెల్త్ మొత్తం తిరిగి నింపి ఇచ్చే 6 మానా కార్డు అది. 30 కార్డుల డెక్‌నంతా ఆ ఒక్క క్షణం కోసం కట్టుకున్నవాడి చేతి నుంచి ర్యాట్ రెనోను బయటికి లాగితే, బోర్డు మీద మిగిలేది ఒక మామూలు 4/6. దీన్ని ‘ప్రత్యర్థికి ఉచితంగా మినియన్ ఇవ్వడం’ అనేవాళ్లు లెక్కలో సగమే చూస్తున్నారు.

కొన్ని కార్డులు కలిస్తేనే గెలిచే కాంబో డెక్‌ల దగ్గర ఈ సగం లెక్క మరీ దారుణంగా తప్పుతుంది. 2017లో ఉన్‌గోరో విస్తరణ తర్వాత వచ్చిన క్వెస్ట్ మేజ్ డెక్ గుర్తుందిగా, షరతు పూర్తిచేస్తే బహుమతి ఇచ్చే ‘క్వెస్ట్’ కార్డు చుట్టూ అల్లింది. స్పెల్స్ (మంత్రాల కార్డులు) ఖర్చును ఒక్కొక్కటీ 1 మానా తగ్గించే సోర్సరర్స్ అప్రెంటిస్‌లు నాలుగు బోర్డు మీదికి చేరితే, అప్పట్లో 4 మానా ఫైర్‌బాల్ ఉచితమయ్యేది. పక్కన ఆంటోనిడాస్ అనే మినియన్ ఉంటే వేసిన ప్రతి స్పెల్‌కూ మరో ఫైర్‌బాల్ చేతికొచ్చేది. ఇక దానికి అంతు ఉండేది కాదు. ఇదంతా క్వెస్ట్ ఇచ్చే అదనపు టర్న్‌తో కలిపి ఒక్క ఊపులో జరగాలి. అంతవరకూ ఆ ముక్కలు చేతిలో కదలకుండా కూర్చోవాలి. అక్కడే దొరికిపోతారు. ఆ డెక్‌లో ఎక్కువ భాగం స్పెల్సే. మినియన్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ర్యాట్ ఎంచుకునేది మొత్తం కార్డుల నుంచి కాదు, మినియన్ల నుంచి. ఈ ఒక్క ముక్క పట్టించుకోకపోవడం వల్లే ‘లాటరీ కార్డు’ అనే మాట పుట్టింది. ప్రత్యర్థి చేతిలో 8 కార్డులు ఉన్నాయనుకోండి. అందులో 5 స్పెల్స్ అయితే, కీలకమైన మినియన్ పడే అవకాశం ఎనిమిదింట ఒకటి కాదు, మూడింట ఒకటి. ఒకే టర్న్‌లో రెండు ర్యాట్‌లు ఆడితే మూడింట రెండు. 4 మానాకు అవతలివాడి ఆటను కూల్చే అవకాశం మూడింట రెండు వంతులంటే, అది చెడ్డ బేరమని ఎవరైనా అనగలరా?

ఇంతకీ ర్యాట్‌ను 2 మానా కార్డుగా చూడటంలోనే పొరపాటుంది. అది 5 మానా కార్డు, 7 మానా కార్డు. బయటపడినదాన్ని అదే టర్న్‌లో చంపే సాధనం చేతిలో ఉన్నప్పుడే దాన్ని ఆడాలి. అప్పట్లో ప్రీస్ట్ అనే పాత్రకు, 5 లేదా అంతకంటే ఎక్కువ అటాక్ ఉన్న మినియన్‌ను చంపే షాడో వర్డ్: డెత్ 3 మానా. ర్యాట్‌తో కలిపితే 5. ఆంటోనిడాస్ బయటపడ్డాడా, అతని అటాక్ 5 కాబట్టి అక్కడికక్కడే పోతాడు. వారియర్ పాత్రకైతే ర్యాట్, బోర్డు మీద ఏదో ఒక్క మినియన్‌ను మిగిల్చి మిగతా అన్నిటినీ చంపే బ్రాల్ కలిపి 7 మానా. బ్రాల్‌లో చివరికి ఎవరు మిగులుతారన్నది వేరే తలనొప్పి, ఒప్పుకుంటాను.

అభ్యంతరం తెలిసిందే. రెండో టర్న్‌లో ర్యాట్ ఆడితే అవతల భారీ రాక్షసుడొకడు దిగాడు, ఆట అక్కడితో అయిపోయింది అంటారు. నిజమే, జరుగుతుంది. పెద్ద మినియన్లతో నిండిన డెక్ అని తెలిసీ రెండో టర్న్‌లో ఎందుకు ఆడినట్టు? చిన్న మినియన్లతో దూకే డెక్ ఎదురైతే మాత్రం తొందరగా ఆడినా పెద్దగా పోయేది లేదు. బయటపడేదీ చిన్నదే, ముందు 6 హెల్త్ గోడ ఉంది.

గెలుపు శాతాల పట్టికలు చూపించి వాదించేవాళ్లకు ఇంకో మాట. కంగారుపడి రెండో టర్న్‌లో పడేసిన ర్యాట్‌నూ, ఎనిమిదో టర్న్ దాకా ఓపిక పట్టి ఆడిన ర్యాట్‌నూ ఒకే అంకెలో కలిపేస్తే ఆ అంకె దేన్ని కొలిచినట్టు? పైగా ర్యాట్ తెచ్చిన నష్టం కళ్లెదుట బోర్డు మీద నిలబడి కనిపిస్తుంది. అది తప్పించిన ఓటమి ఎవరికీ కనిపించదు.

నిజానికి నాకు ఈ కార్డు మీద ఉన్న మమకారానికి కారణం వేరే ఉంది. ఈ ఆటలో ప్రత్యర్థి టర్న్ నడుస్తుంటే మనం చేయగలిగింది శూన్యం. ముందే పెట్టుకున్న సీక్రెట్ (షరతు కుదిరినప్పుడు దానంతటదే పనిచేసే దాచిన కార్డు) ఏదైనా ఉంటే అది పేలుతుంది, అంతే. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆటలోలాగా ఎదుటివాడి టర్న్‌లో చెయ్యి అడ్డం పెట్టే ఇన్‌స్టంట్‌లు ఇక్కడ లేవు. అందుకే డెక్‌లు పోనుపోను ఒంటరి ఆటలా తయారవుతాయి. ఎవరి ముక్కలు వాళ్లు పోగేసుకోవడం, ఎవరిది ముందు పూర్తయితే వాళ్లు గెలవడం. అవతల కూర్చున్నది మనిషా, గోడా అన్న తేడా ఉండదు.

ర్యాట్ ఉన్న ఆటగాడు అలా ఆడలేడు. మొదటి క్షణం నుంచే అతని కళ్లు పైనున్న కార్డుల వెనకవైపు మీద ఉండాలి. ఆరంభంలో ప్రత్యర్థి ఏ కార్డును ఉంచుకున్నాడు, దేన్ని మార్చుకున్నాడు అన్నది తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. కొత్తగా తీసినవి ఒక చివర చేరుతుంటే, మొదట ఉంచుకున్న కార్డు రెండో చివర అలాగే ఉండిపోయిందా? చేతినిండా మానా ఉన్న టర్న్‌లోనూ దాన్ని ముట్టుకోలేదా? అయితే అది దేనికోసమో ఎదురుచూస్తోంది. అతను మిగతా చిన్న మినియన్లను ఆడేసి చేతిని ఖాళీ చేసుకున్న టర్నే మీ టర్న్.

దీనికి విరుగుడు కూడా ఉంది, అది ఇంకా బాగుంటుంది. ర్యాట్ భయం ఉన్నవాడు పనికిరాని మినియన్లు ఒకటి రెండు ఎరగా చేతిలోనే దాచుకోవాలి. అంటే బోర్డు మీద వెనకబడాలి, పది కార్డులు పట్టే చేతిలో చోటు వదులుకోవాలి. మీ డెక్‌లో అసలు ర్యాటే లేకపోయినా అతను ఈ మూల్యం చెల్లిస్తూనే ఉంటాడు.