సింధు లోయకు ఎటు పక్క కొండలున్నాయి మేస్టారూ?

ఈ సాయంత్రం మా అప్ప కూతురు బడి నుంచి వచ్చి, సంచీ ఒక మూలకు గిరాటేసి, ఒక అట్టను నా ముందు పడేసి, “మావయ్యా, మనది లోయ కాదంట, పదికి నాలుగే ఏసినారు” అని చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడో తరగతి పిల్ల. ‘ఒక సారవంతమైన నదీ లోయ’ అనే అంశం మీద ప్రాజెక్టు చేయమన్నారని మూడు రాత్రులు కూర్చొని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నదులు నాగావళి, వంశధారల పటం గీసింది. కొండలకు గోధుమరంగు, వరి పొలాలకు ఆకుపచ్చ, నదులకు నీలం వేసి, నదులు సముద్రంలో కలిసే చోట రెండు పడవలను కూడా నిలబెట్టింది. ఆ పడవల మీదుగా ఎర్ర సిరాతో అడ్డంగా మూడు వాక్యాలు రాసి ఉన్నాయి: “లోయ అనగా రెండు కొండల నడుమ ప్రదేశము. మన జిల్లాలు వెనుకబడిన ప్రాంతము. కోనసీమ గురించి రాసి సోమవారము తీసుకురావలెను.” టీ చల్లారిపోయింది కానీ నేను ఇంకా చల్లారలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట ఆ నిర్వచనం సంగతి చూద్దాం. ఇదే బడిలో సింధు లోయ నాగరికత అనే పాఠం చెబుతారు, మొహెంజొదారో బొమ్మ చూపిస్తారు, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కూడా ఇస్తారు. మొహెంజొదారో మైదానంలో ఉంది; దానికి అటొక కొండను, ఇటొక కొండను ఎవరు మోసుకొచ్చి పెట్టారో మేస్టారే చెప్పాలి. ఒక నదీ, దాని ఉపనదులూ కలిసి నీరు పారించి, ఒండ్రు పరిచి, ఊళ్ళను నిలబెట్టిన నేల మొత్తాన్ని నదీ లోయ అంటారు. పోనీ, కొండలు ఉండి తీరాల్సిందేనంటే మాకు వాటికీ కొదవ లేదు. విజయనగరంలో రాయగడ బండి ఎక్కి, పార్వతీపురం దాటిన తరువాత కిటికీలోంచి తల బయట పెడితే, తూర్పు కనుమలు రెండు పక్కలా కావలసినన్ని కనబడతాయి. బహుశా ఆయనకు ఇంతవరకు విశాఖ వైపు వెళ్ళే బండి తప్ప మరొకటి ఎక్కే పని పడి ఉండదు.

నాగావళి కలహండి జిల్లాలో లఖ్‌బహాల్ దగ్గరి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా కిందికి దిగి, గుంప దగ్గర ఝంఝావతిని కలుపుకొని, సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతులను చేర్చుకొని, పాలకొండ పొలాలను తడిపి, శ్రీకాకుళం పట్టణం నడుమ నుంచి సాగి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. వంశధార కూడా ఆ ఎగువ కొండల్లోనే పుట్టి, గుణుపురం పక్కనుంచి వచ్చి, భామిని దగ్గర మన నేల తొక్కి, గొట్టా బ్యారేజీ దాటి, ముఖలింగం, శాలిహుండం ఒడ్డులను ఒరుసుకుంటూ కళింగపట్నం చేరుతుంది. చెరొకటి 250 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న నదులు. 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి ముందు ఇవి పిల్లకాలువలేనని ఎవరైనా అంటే నేను కాదనను. కొండ మీద నుంచి కడలి దాకా దూరం తక్కువ, వాలు ఎక్కువ కావడం వల్ల ఇవి ఆగి ఆలోచించే నదులు కావు. నైరుతి వానలకు కొండ మట్టిని కోసుకొచ్చి దిగువన పరుస్తాయి, గుణుపురంలో రాత్రి గట్టిగా కురిస్తే మర్నాటికి గొట్టా దగ్గర గేట్లు ఎత్తిస్తాయి. జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరుతో ముగిసిందనుకుంటే, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు మిగతా బాకీ తీర్చి పోతాయి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే ఈ నేలను పట్టుకొని సారవంతమైన లోయ కాదన్నట్టు ఎర్ర సిరాతో రాయడానికి చేయి ఎలా ఆడిందో నాకు అర్థం కావడం లేదు.

బలరాముడు నాగలితో గీసిన చాలులో నీరు పారి నాగావళి అయిందని మా నాయనమ్మ చెప్పేది. ఆయన ఆ ఒడ్డున పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి అనే ఐదు చోట్ల శివలింగాలను నిలిపాడని జనం నమ్మి నేటికీ శివరాత్రికి వెళతారు. కథ కథే అనుకుందాం. కానీ పండని నేల మీద ఆయన మాత్రం నాగలి ఎందుకు తిప్పుతాడు?

వెనుకబడిన ప్రాంతమట. తూర్పు గాంగులు పాపం, మన మేస్టారి సలహా అందక, వంశధార ఒడ్డున ముఖలింగంలోనే కళింగనగరం అనే రాజధాని పెట్టుకొని అక్కడి నుంచి రాజ్యమేలారు. పూరీలో జగన్నాథుడికి ఇప్పుడున్న గుడి మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశం వాడే. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే శాలిహుండం కొండ మీద బౌద్ధులు స్తూపాలు కట్టుకొని, కింద నదినీ, దూరంగా సముద్రాన్నీ చూస్తూ బతికారు. వెనుకబడిన చోట గుడులు, స్తూపాలు, రేవులు కట్టే తీరిక ఎవరికి ఉంటుంది?

పిల్ల పటంలో నాకు అన్నిటికన్నా నచ్చినది మనుషులను గీసిన తీరు, మేస్టారు ఒక్క టిక్కు కూడా పెట్టకుండా వదిలేసినదీ అదే. పైన కొండ అంచున సవరలు, జాతాపులు, గదబలు, కింద పొలాల్లో తూర్పు కాపులు, కొప్పుల వెలమలు, వంశధార వైపు కాళింగులు, పొందూరులో మగ్గం, బుడితిలో ఇత్తడి చెంబు, తీరాన వలలు. ఇదంతా ఆ పిల్ల ఏ పుస్తకంలోనూ చూడలేదు, సీతంపేట సంతలో చూసింది. పోయిన ఏడాది నేనే తీసుకెళ్ళాను. ఒక సవర ముసలమ్మ కొండ దిగి తెచ్చిన అనాసపళ్ళను కావిడి నుంచి దించి, ముళ్ళ ఆకు గుచ్చుకోకుండా కాడ పట్టుకొని, జతలు జతలుగా నేల మీద పేర్చింది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారి బేరం ఆడుతూ ఆమెను ‘ఏమే’ అన్నాడు. ఆమె మాత్రం అతణ్ణి ‘బావూ’ అనే పిలిచింది. మా పిల్ల అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు పటంలో చూస్తే ఆ ముసలమ్మను వ్యాపారి కన్నా పెద్దదిగా గీసింది. పదికి నాలుగు వేసిన కంటికి అది కనబడి ఉండదు.

ఇక పొందూరు దగ్గర ఒక నిమిషం ఆగక తప్పదు, ఎందుకంటే మా పెదనాన్నగారు ఆ ఖద్దరు పంచె తప్ప మరొకటి కట్టి ఎరుగరు. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకను చేత పట్టుకొని, దాని సన్నని పళ్ళతో దూదిని దువ్వి, గింజకు అంటిన పోగును విడదీసి శుభ్రం చేస్తారు. చేప దవడతో నూలు తీసే తెలివి ఉన్న చోటును వెనుకబడిందని అంటున్నవారు పండగ పూట అదే పంచె కట్టుకొని ఫోటో దిగుతారు. బియ్యం కథ కూడా ఇదే. శ్రీకాకుళం పక్కనే రాగోలు పరిశోధన స్థానంలో రూపొందిన ఆర్‌జీఎల్ 2537 రకానికి ‘శ్రీకాకుళం సన్నాలు’ అని పేరే పెట్టారు. అన్నం సన్నగా ఉందని మెచ్చుకొనే నోటితోనే, అది పండిన నేలకు సారం లేదంటే ఆ మెతుకు గొంతు దిగాలి కదా.

అసలు వెనుకబడినది నేల కాదని, నీటి పంపకమని ఆ ఎర్ర సిరా పక్కన నేను నీలి సిరాతో రాద్దామనుకున్నాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఈ లోయను అడ్డంగా కోసింది. పర్లాకిమిడి అటు పోయింది, కొండ అటు పోయింది, వరద మాత్రం ఇటే వస్తున్నది. వంశధార నీళ్ళు చెరిసగం అని రెండు రాష్ట్రాలూ ఒప్పుకొన్నది 1962లో. నేరడి దగ్గర ఆనకట్ట కడదామంటే ఒడిశా వైపు 106 ఎకరాలు కావాల్సి వచ్చింది. ఆ 106 ఎకరాల కోసం ఉత్తరాలు, అభ్యంతరాలు, 2010లో ట్రిబ్యునలు, 2017లో కట్టుకోవచ్చన్న తీర్పు, ఆ తరువాత మళ్ళీ అభ్యంతరాలు. నేను పుట్టక ముందు మొదలైన తగాదా ఇది. నాకు తల నెరిసింది, దానికి మాత్రం ఇంకా వయసు రాలేదు.

మాది కాలువకు శివారు ఊరు. శివారు అంటే ఏమిటో తెలియనివారికి ఒక్క రాత్రి చెబుతాను. ఉభాలు, అంటే వరి నాట్లు, ఆలస్యమై, ఆకుమడి ముదిరిపోతున్న ఒక ఆగస్టులో, పైనుంచి నీరు వదిలారని కబురు వచ్చింది. మా నాన్నగారు టార్చిలైటు, పార పట్టుకొని పొలంలోకి నీరు వదిలే మదుం దగ్గర కూర్చున్నారు, పక్కన నేను. కాలువ నిండా గుర్రపుడెక్క అల్లుకొని ఉంది. దాన్ని చేతులతో లాగి గట్టు మీద వేస్తే, అడుగున జానెడు నీరు కనబడింది, అది కూడా కదలడం లేదు. పైన ఎవరో అడ్డుకట్ట వేసి ఇంజను పెట్టారు. వారిని తిట్టడానికీ లేదు, వారి మడి కూడా ఎండుతున్నదే. తెల్లవారుజామున నాన్నగారు లేచి, చేతులకు అంటిన బురద కడుక్కోవడానికి నీరు చాలక, పంచె అంచుకు తుడుచుకొని ఇంటికి నడిచారు. అదే ఏడాది అక్టోబరులో నదికి వరద వచ్చి, ఎలాగో ఆయిల్ ఇంజను మీద బతికించుకొన్న ఆ రెండెకరాల చేను పొట్ట దశలో నాలుగు రోజులు మునిగింది. ఒకే పంటకాలంలో ఎండనూ, మునగనూ చూసిన నేలను చూపించి, ‘వెనుకబడిన ప్రాంతము’ అని మూడు ముక్కల్లో తేల్చేయడం సులువే.

ఈ మాట నాకు కొత్త కాదు కాబట్టే ఇంత మండుతున్నది. ఇంటర్ చదవడానికి బెజవాడ వెళ్ళినప్పుడు, మొదటి రోజు “నానొచ్చినాను” అన్నానని తరగతి తరగతంతా నవ్వింది. ఆ ఏడాదంతా నా పేరు ‘శ్రీకాకుళం’. ఇంటి పేరు, ఒంటి పేరు ఎవరికీ అవసరం పడలేదు. సినిమాలో పనిమనిషి మా యాసే, కాపలావాడు మా యాసే, తన్నులు తినే అమాయకుడూ మా యాసే. తెలుగు భాషా దినోత్సవం మాత్రం ఆగస్టు 29న చేస్తారు, ఎందుకంటే 1863లో ఆ రోజున గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు; ఎక్కడ పుట్టారయ్యా అంటే వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. జనం మాట్లాడే మాటకు పుస్తకంలో చోటు ఇప్పించిన మనిషి మా లోయవాడు. ఆయన అంతటితో ఆగక సవరల దగ్గర కూర్చొని వారి భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి మాటల్లో వాచకాలు, ఆ తరువాత నిఘంటువు కూడా తయారు చేశారు. ఆయన పటానికి దండ వేసి, కిందికి దిగి, మా పిల్లల యాసకు నవ్వే సభలు నేను ఎన్ని చూశానో లెక్క లేదు. ఈ పోస్టును కూడా నేను ఇంత పద్ధతిగా రాస్తున్నది అందుకే. మా ఊరి మాటలో రాస్తే సగంమంది దీన్ని హాస్యం అనుకొని నవ్వు బొమ్మలు పెట్టి పోతారు.

నది చివరన పడవలు గీసిందని చెప్పాను కదా, ఆ పడవల్లో మనుషులు లేరు. ఎందుకు లేరని అడిగితే, వారు గుజరాత్ వెళ్ళిపోయారని చెప్పింది. దాని పక్క బెంచీ పిల్ల తండ్రి వేరావల్‌లో బోటు మీద పని చేస్తున్నాడట. 2018 నవంబరులో అలా వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన రెండు జిల్లాల మత్స్యకారులే పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉండిపోయారు. రెండు నదులు సముద్రంలో కలిసే తీరంలో పుట్టినవారు చేప కోసం దేశానికి ఆ చివరకు ఎందుకు పోవలసి వస్తున్నదో ప్రాజెక్టు ఇస్తే బాగుండేది. దానికి మాత్రం పదికి పది వేయవలసి వస్తుందని భయం కాబోలు.

ఇందాక పిల్ల తలుపు తీసుకొని బయటికి వచ్చింది. సోమవారానికి కోనసీమ వేయాలి కాబట్టి కొబ్బరిచెట్లు ఎలా ఉంటాయో చూపించమని అడిగింది. దాని కోసం గోదావరి దాకా పోనక్కరలేదని, ఆదివారం పొద్దున్న కవిటి బస్సు ఎక్కిస్తానని చెప్పాను. 2018 తిత్లీ తుఫానుకు కూలగా మిగిలినవి, మళ్ళీ నాటినవి కవిటి చుట్టూ ఉన్న మా కొబ్బరితోటల సీమ ఉద్దానంలో ఇంకా చాలా ఉన్నాయి. పాత అట్టను పారేయకుండా బీరువా మీద పెట్టించాను, ఎర్ర సిరాతో సహా.